తుడిస్తే పోవాలి, పోసినా ఇంకకూడదు

మూడు నెలలుగా నా వారాంతాలన్నీ ఓ పాత సరుకుల వ్యాన్ మింగేస్తోంది. నేనూ, ఆఫీసులో ఓ మిత్రుడూ కలిసి కొన్నాం. వెనక భాగంలో మంచం, చిన్న గట్టు, సింకు అమర్చుకుని పిల్లలతో నేషనల్ పార్కులన్నీ తిరగాలని ప్లాను. ఇన్సులేషన్ దగ్గర గొడవ రాలేదు, కరెంటు వైరింగు దగ్గరా రాలేదు. నేల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది.

మా షరతులు రెండే. ఒకటి, పదేళ్ళు మన్నాలి. రెండు, పాలు ఒలికినా, కొండదారుల్లో పిల్లలు వాంతి చేసుకున్నా తడిగుడ్డతో ఒక్క తుడుపుకి పోవాలి. కొట్లో కుర్రాడు "అయితే లినోలియం తీసుకోండి" అని ఓ చుట్ట చూపించాడు. లేబుల్ చూస్తే వినైల్ అని ఉంది. ఇదేంటయ్యా అంటే "రెండూ ఒకటే కదా!" అన్నాడు. ఒకటి కాదు. ఎందుకు కాదో చదువుతూ చదువుతూ నూట అరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. అదీ ఈ సోదికి కారణం.

మన ఇళ్ళల్లో ఈ సమస్య లేదు. కడప బండల మీద బకెట్టుతో నీళ్ళు కుమ్మరించి చీపురుతో తోసేస్తే పని అయిపోతుంది. చెక్క నేలలున్న చలిదేశాల్లో అది కుదరదు. నీళ్ళు పోస్తే చెక్క ఉబ్బుతుంది, సందుల్లో మురికి చేరుతుంది. అందుకని ఇంగ్లండులో కాన్వాసు గుడ్డకి అవిసె నూనె రంగులు పొరలు పొరలుగా పూసి నేలమీద పరిచేవాళ్ళు. ఆరడానికే నెలలు పట్టేది. స్కాట్లండ్‌లోని కర్కాల్డీ అనే ఊళ్ళో మైకేల్ నెయిర్న్ అనే కాన్వాసు వ్యాపారి ఈ గుడ్డలు వేలాడదీసి ఆరబెట్టడానికి 1847లో పెద్ద ఫ్యాక్టరీ కట్టిస్తే, జనం దానికి 'నెయిర్న్ వెర్రి' అని పేరు పెట్టారు.

అసలు మలుపు ఫ్రెడరిక్ వాల్టన్ దగ్గర వచ్చింది. 1850లలో అతను ఓ పాత రంగు డబ్బా మూత తీస్తే, అవిసె నూనె గాలి తగిలి పైన రబ్బరులాంటి మీగడ కట్టి ఉంది. మనమైతే ఆ మీగడ తీసి అవతల పారేస్తాం. వాల్టన్ మాత్రం 'ఈ మీగడే కావాలని తయారుచేస్తే?' అనుకున్నాడు. అలా గట్టిపడిన నూనెలో చెట్ల జిగురు, సీసా బిరడాలు చేసే కార్క్ పొడి కలిపి, గుడ్డ మీద రోలర్లతో అదిమి 1863లో పేటెంటు తీసుకున్నాడు. లాటిన్‌లో అవిసెకి లినుమ్, నూనెకి ఓలియుమ్. కలిపితే లినోలియం. 1864లో లండన్ దగ్గర స్టెయిన్స్‌లో కంపెనీ మొదలైంది. మొదటి కొన్నేళ్ళు నష్టాలే, తర్వాత ఆపలేనంత గిరాకీ. దాని వెనక వేసే జనపనార బెంగాల్ నుంచి ఓడలెక్కి స్కాట్లండ్ వెళ్ళేది. మనవైపు బండల మీద నీళ్ళు కుమ్మరించుకుంటున్న రోజుల్లో, మన దేశపు నార మీద నిలబడి వాళ్ళు నేల తుడుచుకున్నారన్నమాట.

1877కి వాల్టన్ పేటెంటు గడువు తీరింది. కాచుకు కూర్చున్న నెయిర్న్ కంపెనీ వెంటనే లినోలియం తయారీ మొదలెట్టింది. వాల్టన్ కంపెనీ ఆ పేరు మాదని కోర్టుకెక్కింది. 1878లో కోర్టు ఏమందంటే, ఇన్నాళ్ళూ ఆ వస్తువుకి వేరే పేరే లేదు, కాబట్టి అది వస్తువు పేరే గానీ మీ కంపెనీ పేరు కాదు అంది. పధ్నాలుగేళ్ళలో సొంత పేరు ఊరుమ్మడి అయిపోయింది! మా కొట్టు కుర్రాణ్ణి ఏమనగలను? వాడు ఆ తీర్పునే ఇంకో మెట్టు ముందుకి తీసుకెళ్ళాడంతే.

కదిలే వాహనాల్లో కూడా లినోలియం రాజ్యమేలింది. జపాను నౌకాదళం యుద్ధనౌకల డెక్కుల మీద గోధుమరంగు లినోలియం పరిచి, అతుకుల దగ్గర ఇత్తడి పట్టీలు బిగించేది. ఉక్కు మీద కాలు జారదు, తుడవడం తేలిక, బరువు తక్కువ. మా వ్యాన్‌కి కావలసినవీ ఇవే కదా అని సంబరపడ్డాను. తర్వాతి పేరా చదివితే సంబరం చల్లారింది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగాక అమెరికా నౌకాదళం తన యుద్ధనౌకల్లోంచి లినోలియం ఊడబీకించింది. కారణం, నిప్పంటుకుంటే అది కాలుతుంది. ఎంతైనా నూనె నూనే. ఇంట్లో ఇది అంత భయపడాల్సిన విషయం కాదు గానీ, గుండ్లు పేలే ఇనుప డబ్బాలో లెక్క వేరు.

అప్పటికే వినైల్ పుట్టింది. 1926లో బి. ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ అనే రసాయనవేత్త రబ్బరుని లోహానికి అంటించే జిగురు కోసం వెతుకుతూ, పెళుసుగా ఉండే పీవీసీని మెత్తగా సాగేలా చేసే పద్ధతి కనిపెట్టాడు. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో వినైల్ పలకలు చూపించారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా వంటిళ్ళన్నీ వాటితో నిండిపోయాయి. మన్నిక అదిరింది, తుడవడం ఇంకా తేలిక. ఆ మన్నిక కోసం, నిప్పుకి తట్టుకోవడం కోసం వాటిలో చాలా రకాల్లో కలిపింది ఏమిటో తెలుసా? ఆస్బెస్టాస్! మన ఊళ్ళల్లో ఇళ్ళ పైకప్పు రేకుల్లో ఉండేదే. 1980ల దాకా ఇది సాగింది.

నాకిది పుస్తకాల గొడవ కాదు. మేం కొన్న పాత ఇంటి బేస్‌మెంటులో తొమ్మిదంగుళాల పలకలున్నాయి. ఓ ఆదివారం ఉలీ సుత్తీ పట్టుకుని మొదటి పలక లేపబోతుంటే, పక్కింటి పెద్దాయన చూసి చెయ్యి పట్టుకుని ఆపాడు. పరీక్షకి పంపిస్తే ఆస్బెస్టాస్ ఉందని వచ్చింది. కదపనంత కాలం ఫరవాలేదు. పగలగొడితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రోజు మా చిన్నది నా పక్కనే కూచుని బొమ్మలతో ఆడుకుంటోంది. ఇప్పటికీ తల్చుకుంటే వెన్నులో వణుకు పుడుతుంది.

నాకర్థమైంది ఇదీ. 'మన్నుతుందా, తుడిస్తే పోతుందా' అని ప్రతి తరమూ అడిగింది. 'కాలితే ఏమవుతుంది, వేడెక్కితే ఏం వదులుతుంది, పీకేటప్పుడు ఎవరు పీలుస్తారు' అనే మూడో ప్రశ్న ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చింది. ఎండలో నిలబెట్టిన వ్యాన్ మూసిన ఇనుప పెట్టె. అందులో మన ముక్కు నేలకి రెండడుగుల ఎత్తులో పెట్టుకుని పడుకుంటాం. అక్కడ మూడో ప్రశ్నే మొదటిది కావాలి.

మా మిత్రుడు ముక్కముక్కా బిగించుకునే పలకలు అన్నాడు. నేను వద్దన్నాను. ఎండకి సాగి, చలికి ముడుచుకుని, గతుకులకి అదిరి అతుకులు విచ్చుకుంటాయి, పాలు నేరుగా ప్లైవుడ్‌లోకి పోతాయి. నా మనసేమో లినోలియం మీద ఉంది. కానీ రాత్రి మన ఊపిరి తేమ చల్లటి ఇనుము మీద నీరై కిందకి చేరుతుంది, జనపనారకి తడి పడదు. చివరికి బస్సుల్లో వాడే గరుకు వినైల్ షీటు తీసుకున్నాం. అమెరికాలో 1972 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న ఓ వాహన భద్రతా ప్రమాణం ప్రకారం లోపలి సామగ్రి నిమిషానికి 102 మిల్లీమీటర్లకి మించిన వేగంతో కాలకూడదు. ఆ పరీక్ష నెగ్గిన కాగితం చూపిస్తేనే డబ్బులిచ్చాం.

వ్యాన్ లోపలి వెడల్పు ఆరడుగులకి కాస్త తక్కువే కాబట్టి ఒకే షీటు సరిపోయింది, మధ్యలో అతుకే లేదు. పరిచే ముందు దాన్ని రెండు వారాలు గరాజులో విప్పి ఆరబెట్టాను. "ఏంటి బాసూ, వడియాలా?" అని మా మిత్రుడు ఒకటే నవ్వు. నవ్వనీ. నెలల తరబడి గుడ్డలు ఆరబెట్టిన నెయిర్న్‌ని చూసి కూడా నవ్వారు. కర్కాల్డీలో లినోలియం ఇప్పటికీ తయారవుతోంది.