మిడిల్ పాయింటున గురుహోర

2024 నుండి శ్రీవిజయపురమని వ్యవహరింపబడుచున్న పోర్టుబ్లెయిరు నగరమున మిడిల్ పాయింటు ఒక పేట. డిసెంబరు ఉత్తరార్ధమున ఒక గురువారమునాడు ఉదయము 6 గంటల 45 నిమిషములకు అచ్చట నడచునది ఏ హోర? విజయవాడకు గణించిన పంచాంగమును చూచువారు గురుహోర యందురు. కాని ఆ వేళకు మిడిల్ పాయింటున గురుహోర ముగిసి కుజహోర ప్రవేశించి యుండును. ఈ భేదము గ్రహముల వలన కలిగినది కాదు, గడియారము వలన కలిగినది.

ఆంధ్రదేశమున పెద్దకార్యములకు వర్జ్యమును, దుర్ముహూర్తమును చూచుట పరిపాటి. ముహూర్తము పెట్టించుకొనునంత ఘనములుకాని నిత్యకృత్యములకు హోర చూచెడి వాడుక గలదు. పద్దులు వ్రాయుటకు బుధహోర, విద్యకును ధనవ్యవహారమునకును గురుహోర, వస్త్రాభరణములకు శుక్రహోర, అధికారులను దర్శించుటకు రవిహోర మేలని చెప్పుదురు. కుజ శనుల హోరలను సామాన్యముగా విడిచిపెట్టుదురు. కచేరీ హాజరుపట్టీ మాత్రము ఏ హోరకును లొంగదు.

సూర్యోదయము మొదలు రెండున్నర ఘడియలకు, అనగా ఒక గంటకు, ఒక హోర చొప్పున అహోరాత్రమునకు ఇరువదినాలుగు హోరలు. వీనికి అధిపతులు గ్రహగమన వేగమునుబట్టి, మందగతి మొదలుగా శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు. ఏ వారమున మొదటి హోర ఆ వారాధిపతిది. 24 ను 7 చే భాగింప 3 శేషించును గనుక, మరునాటి తొలి హోర వరుసలో నాల్గవ గ్రహమునకు చెందును. రవినుండి లెక్కించిన శుక్రుడు, బుధుడు, చంద్రుడు. కావున ఆదివారము పిమ్మట సోమవారము. చంద్రునినుండి నాల్గవవాడు కుజుడు; కావున తరువాతిది మంగళవారము. వారముల వరుస ఇట్లు హోరల వరుసనుండియే పుట్టినది. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి లెక్కలతో కూడిన తన గ్రంథమున కాలక్రియాపాదమందు ఈ సూత్రమునే చెప్పెను. రోము చరిత్రకారుడగు డియో కాసియస్ మూడవ శతాబ్దమున వారనామములకు ఇట్టి కారణమునే చూపుచు, ఆ పద్ధతిని ఐగుప్తీయులకు ఆరోపించెను. వేదాంగజ్యోతిషమున వారముల ప్రసక్తి లేదు. క్రీ.శ. 484 నాటి ఏరణ్ స్తంభశాసనమున గురువారము పేర్కొనబడినది. హోరాశబ్దము అహోరాత్ర శబ్దమున ఆద్యంతాక్షరములు లోపింపగా ఏర్పడినదను మతమును వరాహమిహిరుడు ఉదాహరించెను. అది యవన శబ్దమేయని ఆధునిక పండితుల నిర్ణయము. యవనులు మ్లేచ్ఛులైనను ఈ శాస్త్రమున ఋషులవలె పూజ్యులని ఆయనయే అంగీకరించినపుడు, ఈ వ్యుత్పత్తికై వివాదపడుట అనవసరము.

ప్రకృతమునకు ముఖ్యమైనది సూర్యోదయము. పూర్వము ఘటికాయంత్రమునకు ఆధారము ఆ ఊరి సూర్యుడే. అడుగున సన్నని రంధ్రముగల గిన్నె నీటిలో మునిగినపుడెల్ల ఒక ఘడియ గడచినట్లు. పురోహితుడు చెప్పిన హోర ఆ గ్రామపు హోరయే గాని వేరొక పట్టణపుది కాదు. 1906 జనవరి 1 న దేశమునకంతటికిని 82½ అంశల తూర్పు రేఖాంశము ననుసరించి ప్రామాణిక కాలము ఏర్పడెను. పోర్టుబ్లెయిరున సెల్యులార్ జైలు నిర్మాణము పూర్తియైనదియు ఆ సంవత్సరముననే. ఈ నగరము 92¾ అంశల రేఖాంశమునకు సమీపమున నున్నది. అంశకు నాలుగు నిమిషముల వంతున, స్థానిక కాలము గడియారపు కాలముకంటె సుమారు 41 నిమిషములు ముందు నడచును. విజయవాడ స్థానిక కాలముతో పోల్చిన 48 నిమిషములు ముందు.

1858 మార్చిలో ఖైదీల వలసగా స్థాపితమైన ఈ తావునకు, స్వాతంత్ర్యానంతరము విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి తెలుగువారు ఓడలపై విశేషముగా తరలివచ్చిరి. 2011 జనాభా లెక్కలనాటికి ద్వీపములలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు 13 మంది. వారితోపాటు పంచాంగమును వచ్చినది. అందలి సూర్యోదయము మాత్రము ఆవలి ఒడ్డుననే నిలిచినది. ద్వీపముల ఆదివాసులకు ఈ చిక్కు లేదు. వారు ఆయా ఋతువులలో పూచెడి పూవుల పేర్లతోనే కాలభాగములను వ్యవహరింతురని 1906–08 లలో ఇచ్చట పరిశోధన సాగించిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ వ్రాసెను. ఆ కాలగణనమును వేరొకచోట అచ్చువేసి ఓడలో పంపుట సాధ్యము కాదు.

రేఖాంశ భేదమగు 48 నిమిషములను తీసివేసిన చాలునని కొందరు తలంతురు. అదియు సరికాదు. అక్షాంశ భేదము వలన ఈ అంతరము ఋతువుననుసరించి మారుచుండును. జూన్ మూడవవారమున పోర్టుబ్లెయిరున సూర్యోదయము సుమారు 4-56 కు, విజయవాడలో 5-37 కు. అంతరము 41 నిమిషములు. డిసెంబరు 22 ప్రాంతమున ఇచ్చట 5-34, అచ్చట 6-32. అంతరము 58 నిమిషములు, అనగా ఇంచుమించు ఒక హోర. అందువలననే పైని చెప్పిన గురువారమున గురుహోర ఇచ్చట 5-34 నుండి 6-34 వరకే నడచును. విజయవాడలో అది అపుడే ఆరంభమగుచుండును. గురుహోరయని పొదుపుసొమ్ము కట్టబోవు గృహస్థు, తాను విడువదలచిన కుజహోరనే ఏరికోరి పట్టుకొనుచున్నాడు. హోరను విశ్వసింపనివానికి ఇందు నష్టమేమియు లేదు. విశ్వసించువాడు మాత్రము దాని శాస్త్రమునే అతిక్రమించుచున్నాడు.

రాహుకాలము విషయమున ఈ పొరపాటు మరింత స్పష్టము. గోడ క్యాలెండరులు గురువారమున 1-30 నుండి 3 గంటల వరకని అచ్చువేయును. ఉదయము 6 కు ప్రొద్దుపొడిచి సాయంత్రము 6 కు గ్రుంకునను ఊహపై కట్టిన లెక్క అది. డిసెంబరున పోర్టుబ్లెయిరులో 5 గంటలకే సూర్యాస్తమయము. 5-34 మొదలు 5 గంటలవరకు గల పగటిని ఎనిమిది భాగములుచేసి ఆరవ భాగమును తీసికొనిన, రాహుకాలము 12-43 కు ప్రవేశించి 2-08 కి ముగియును. మధ్యాహ్న భోజనానంతరము ఒంటిగంటకు నిశ్చింతగా బయలుదేరినవాడు రాహుకాలముననే బయలుదేరినాడు. రెండున్నరకు గుమ్మమున ఆగి గడియారము చూచుచున్నవాడు, అది ఎపుడో గడచిపోయినదని యెరుగడు.