అప్పు లెక్క అడిగితే ఊరి పేరు అడిగారు

బాన్సువాడ నుంచి వర్ని దిక్కో, బోధన్ దిక్కో పోతుంటే ఊరి బోర్డుల చివర ‘క్యాంపు’ అన్న మాట తగులుతూ ఉంటుంది. తెలియనివాళ్ళు ఏదో మిలటరీ వ్యవహారం అనుకుంటారు. అవి నిజాంసాగర్ కాలువ నీళ్ళను నమ్ముకుని గుంటూరు, కృష్ణా జిల్లాల దిక్కు నుంచి వచ్చిన రైతులు వేసుకున్న ఊళ్ళు. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ అంతకు ఎన్నో రెట్ల నేల వచ్చేదని మా దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట వచ్చినవాళ్ళ మనవలు, ముని మనవలు ఇక్కడే పుట్టారు, మాతోపాటే బడికి వచ్చారు, యాసలు కలిసిపోయాయి. ఊరి పేరులో మాత్రం క్యాంపు అట్లాగే ఉంది. క్యాంపు అంటే ఎప్పుడో ఒకనాడు ఎత్తేసేది కదా!

ఈ మాట మీద ఆలోచిస్తూ హైదరాబాద్ రాజ్యపు చరిత్ర కొంత చదివాను. చదివింది ముల్కీ, నాన్‌ముల్కీ తగాదా గురించి. దొరికింది ఇంకోటి. మన దగ్గర ‘ఎవరు లోపలివాడు, ఎవరు బయటివాడు’ అన్న ప్రశ్న గట్టిగా లేచిన చాలా సందర్భాల్లో దాని పక్కనే ఒక అప్పు పత్రమో, లెక్కల పుస్తకమో కనిపిస్తుంది. పక్కన అంటున్నాను, వెనక అనడం లేదు. ఒకటి ఇంకోదానికి కారణం అని నిరూపించే సరుకు నా దగ్గర లేదు. కానీ రెండింట్లో ఏది వీధిలోకి వచ్చింది, ఏది బీరువాలో ఉండిపోయింది అన్నది చూడొచ్చు.

నిజాం రాజ్యానికి సముద్రం లేదు. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ నేల. సొంత నాణెం, సొంత తపాలా, సొంత కరోడ్‌గిరీ నాకాలు ఉన్న, నీళ్ళు లేని ద్వీపం అనుకోవచ్చు. ఆ ద్వీపం అంచులు కూడా అప్పులతోనే కోసుకుపోయాయి. కోస్తా జిల్లాలను, అప్పటి ఉత్తర సర్కారులను, నిజాం కుంపెనీకి వదులుకున్నాక ఏటా ఏడు లక్షల పేష్కష్ వచ్చేది. విలియం పామర్ అండ్ కంపెనీ అనే హైదరాబాద్ వడ్డీ వ్యాపార సంస్థ దగ్గర, నూటికి ఏడాదికి ఇరవై నాలుగు దాకా వడ్డీకి, చందూలాల్ పెత్తనంలో రాజ్యం మునిగిపోయింది. ఆ బాకీ తీర్చడానికి 1823లో ఆ పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకుని ఒక్కసారిగా కోటీ పదహారు లక్షల పైచిలుకు తీసుకున్నారు. కోస్తాతో నిజాంకు మిగిలిన చివరి డబ్బు సంబంధం అట్లా పోయింది. 1853లో కంటింజెంట్ సైన్యం ఖర్చుల బాకీ కింద బేరార్ పోయింది. ఆ సైన్యం ఖర్చు నిజాంది, పెత్తనం ఇంగ్లీషు అధికార్లది. 1902లో కర్జన్ వచ్చి ఆ బేరార్‌ను ఏటా ఇరవై అయిదు లక్షలకు శాశ్వత కౌలు రాయించుకుపోయాడు. మన ఊళ్ళల్లో అప్పు కింద పొలం పోయిన ఇంటివాళ్ళు రెండు తరాల దాకా అప్పు అన్న మాట పలకరు. హైదరాబాద్ సర్కారుదీ అదే వరస అనిపిస్తుంది నాకు. అప్పు గురించి బయట మాట్లాడటమే అమర్యాద.

ఇక 1883. ఇక్కడ కాస్త ఆగాలి.

ఆ ఏడాది ఫిబ్రవరిలో మొదటి సాలార్ జంగ్ చనిపోయాడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంకా మైనరు. ఆ సందులో రైలు మార్గం పథకం ఒకటి ముందుకొచ్చింది. వాడీ నుంచి సికింద్రాబాద్ దాకా అప్పటికే ఉన్న లైనును ఒక లండన్ కంపెనీకి అప్పజెప్పి, చాందా దిక్కూ బెజవాడ దిక్కూ పొడిగించాలి. కంపెనీ వాటాదార్లు పెట్టే పెట్టుబడికి రాజ్యం ఇరవై ఏళ్ళపాటు నూటికి అయిదు వడ్డీ గ్యారంటీ ఇవ్వాలి. రైలుకు లాభం వస్తే సరే, రాకపోతే ఖజానా కట్టాలి. పేరుకు అప్పు కాదు, కానీ నష్టం భయమంతా ఒక్క దిక్కే. నేటి గ్యారంటీ అప్పులు తెలిసినవాళ్ళకు ఈ ఏర్పాటు కొత్తగా ఏమీ అనిపించదు.

హైదరాబాద్‌లో కొంతమంది చదువుకున్నవాళ్ళు దీని మీద లేచారు. షరతులు బయటపెట్టండి, జనం చర్చించుకోనివ్వండి, ఆ తర్వాత సంతకం చెయ్యండి. అడిగింది ఇంతే. వాళ్ళలో ముందున్నవాళ్ళు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ చటోపాధ్యాయ. అఘోరనాథ్ ఎడింబరోలో చదువుకుని వచ్చిన బెంగాలీ, హైదరాబాద్ కాలేజీ పెట్టి నడిపినవాడు. సరోజినీ నాయుడు తండ్రి అంటే చాలామందికి తెలుస్తుంది. అప్పటికి ఆమెకు నాలుగేళ్ళు.

జవాబు 1883 మే 20న వచ్చింది, పథకం షరతులు మాత్రం రాలేదు. అఘోరనాథ్‌ను రాజ్యం వదిలి పొమ్మన్నారు. ఆయన బయటివాడు కాబట్టి ఆ పని తేలిక. నా పని సాఫ్ట్‌వేర్. ఏదైనా వ్యవస్థ పడిపోతే ముందు లాగ్ తెరిచి ఏ ప్రశ్నకు ఏ జవాబు వెళ్ళిందో చూస్తాం. ఈ ఎంట్రీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వడ్డీ ఎంత అని అడిగితే నీ ఊరేది అని తిరిగి అడిగారు.

ఆ డిసెంబరులో లండన్‌లో ఒప్పందం అయిపోయింది. రాజ్యం తరఫున ఆ బేరాలు నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ పేరే గనుల కంపెనీ వాటాల కుంభకోణంలో పైకొచ్చి, 1888లో బ్రిటిష్ పార్లమెంటులో ఒక సెలెక్ట్ కమిటీ విచారణ దాకా పోయింది. అంటే 1883లో అడిగినవాళ్ళ అనుమానం ఊరికే పుట్టింది కాదు. అఘోరనాథ్ తర్వాత తిరిగి వచ్చాడు గానీ, ఆ ప్రశ్నను అప్పుడు అడగనిచ్చి ఉంటే ఏమయ్యేదో అన్న ఊహ నన్ను వదలదు. రైలు 1889కల్లా బెజవాడ చేరింది. కృష్ణా డెల్టాను తెలంగాణకు కలిపిన మొదటి ఇనుప దారి అదే. తర్వాతి తరం రైతులు ఇటు రావడానికి దారి సుళువు చేసింది, చర్చించనివ్వని ఆ వడ్డీ గ్యారంటీయే.

వరద సంగతి. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచింది. చనిపోయినవాళ్ళు పదిహేను వేలని రాస్తారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పే ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇంకా ఉంది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, కూతురు ఆ నీళ్ళల్లోనే పోయారు. నగరాన్ని మళ్ళీ కట్టే పని కోసం పిలిపించింది ఇంకో బయటివాణ్ణి, మైసూరు రాజ్యంలో పుట్టి బొంబాయి సర్కారులో పనిచేసిన విశ్వేశ్వరయ్యను. ఆయన 1909లో వచ్చి మూసీ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని లెక్క తేల్చాడు. ఊరి పైన రెండు జలాశయాలు కట్టమన్నాడు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈసారి బయటివాడని ఎవరినీ పొమ్మనలేదు. రాజ్యం అడగాలనుకున్న ప్రశ్నలనే ఆయన అడిగాడు కాబట్టి అనుకుంటా.

నీటిని కట్టడి చేస్తే రాజ్యం నిలబడుతుందన్న నమ్మకం ఆ వరద తర్వాత హైదరాబాద్‌లో గట్టిపడింది. దాని ఫలమే మా నిజాంసాగర్. 1923లో మంజీర మీద అచ్చంపేట దగ్గర మొదలుపెట్టి 1931లో ముగించారు. చీఫ్ ఇంజనీరు అలీ నవాజ్ జంగ్, హైదరాబాదీయే. ఆయకట్టు రెండు లక్షల డెబ్భై అయిదు వేల ఎకరాలు. నలభైకి పైగా ఊళ్ళను ఖాళీ చేయించారు. అంత డబ్బు ఖర్చుపెట్టాక నీటి పన్ను రావాలి. నీటి పన్ను రావాలంటే కాలువ కింద మళ్ళు చేసి వరి, చెరకు పండించాలి. వానకు జొన్న, మక్క వేసుకునే రైతు ఒక్క ఏడాదిలో కాలువ రైతు అయిపోడు. దానికి చదును కావాలి, ఎడ్లు కావాలి, చేతిలో డబ్బు కావాలి. డెల్టా రైతుకు ఆ మూడూ ఉన్నాయి. అందుకే రమ్మన్నారు. క్యాంపులు దయతోనో దురాక్రమణతోనో పుట్టలేదు, ఖజానాకు నీటి పన్ను కావాల్సి వచ్చి పుట్టాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చేసరికి చెరకుకు గిరాకీ కూడా తోడయింది.

ఇదే కాలపు ఇంకో కాగితం చూడండి. 1919 ఫర్మానా నుంచి నడిచిన ముల్కీ నిబంధనల ప్రకారం బయట పుట్టినవాడు సర్కారు నౌకరీకి ముల్కీ కావాలంటే పదిహేనేళ్ళు ఇక్కడ స్థిర నివాసం ఉండాలి, పాత ఊరికి తిరిగి పోయే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. ఈ షరతు రాసినవాడెవడో గానీ మనుషులు తెలిసినవాడు. ఒకవైపు తిరిగి పోనని ఒట్టు అడిగే రాజ్యం, ఇంకోవైపు తను పిలిపించుకున్న రైతుల ఊళ్ళు క్యాంపులు.

ముల్కీల బాధ ఉత్తదని నేను అనడం లేదు. 1948 తర్వాత ఉర్దూలో చదువుకున్న మన పిల్లలు ఒక్క రాత్రిలో చదువు రానివాళ్ళ కింద లెక్కకొచ్చారు. బడులకూ కచేరీలకూ ఇంగ్లీషు వచ్చిన కోస్తావాళ్ళను తెచ్చారు. 1952 సెప్టెంబరులో హైదరాబాద్ వీధుల్లో ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అని అరిచిన పిల్లల మీద సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ఇడ్లీ మీద కోపం అనుకుని నవ్వుకుంటే ఆ పిల్లలకు అన్యాయం చేసినట్టే. మా దిక్కు కూడా, కాలువ కింద మంచి రేగడి నేల చేతులు మారిన ఇళ్ళల్లో ఆ కథ ఇంకా చేదుగానే చెప్తారు. అమ్మినవాడు ఎందుకు అమ్మాడు, ఎవరి బాకీ తీర్చడానికి అమ్మాడు అన్నది మాత్రం కథలోకి రాదు. నేను ఎన్నిసార్లు అడిగినా ‘ఆంధ్రోళ్ళు కొన్నరు’ దగ్గరే ఆగుతుంది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో మనుషులూ డబ్బూ ఒకే కాగితం మీదికి వచ్చారు. తెలంగాణ నౌకరీలకు పన్నెండేళ్ళ నివాసం ఉండాలి. తెలంగాణలో సాగు భూముల అమ్మకం ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలి. ఉమ్మడి ఖర్చు పోగా తెలంగాణ రాబడిలో మిగిలింది తెలంగాణకే పెట్టాలి. ఆ కాగితం రాసినవాళ్ళకు విషయం బాగా తెలుసు. నీళ్ళు, నేల, నౌకరీ, లెక్క ఒక ముడి అని.

ముడి ఎట్లా విడిపోయిందో చూడండి. మిగులు నిధుల లెక్క కుమార్ లలిత్‌కు, ఆ తర్వాత భార్గవ కమిటీకి పోయి నివేదికలుగా మిగిలింది. నౌకరీల షరతు మాత్రం 1969లో వీధిలోకి వచ్చింది. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయనగానే జై ఆంధ్ర లేచింది, 1973లో ఆరు సూత్రాల పథకం దాకా పోయింది. 1969లో చనిపోయినవాళ్ళ సంఖ్య తెలంగాణలో చాలామందికి నోటికి వచ్చు. అది రావాల్సిందే. లలిత్ నివేదికలో ఎంత మిగులు తేలిందని నా తోటివాళ్ళను అడిగాను. లలిత్ ఎవరు అన్నారు.

రాష్ట్రం వచ్చాక కూడా ఈ వరస మారలేదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఎవరు ఎక్కడివాళ్ళో, ఎప్పుడు వచ్చారో తేలుస్తారేమోనన్న గుబులు సెటిలర్ల ఇళ్ళల్లో ఉండేది. టీవీ చర్చలన్నీ దాని మీదే. ఆ తర్వాతి ఏళ్ళల్లో కాళేశ్వరం కట్టారు, దాని కోసం ఒక కార్పొరేషన్ పెట్టి సర్కారు గ్యారంటీ మీద బ్యాంకుల దగ్గరా, పవర్ ఫైనాన్స్ కార్పొరేషన్ లాంటి సంస్థల దగ్గరా అప్పులు తెచ్చారు. బడ్జెట్ పద్దులో కనిపించని గ్యారంటీ, 1883 లాగానే. ఇది మాకు దూరపు సంగతేం కాదు. 2021 ఏప్రిల్‌లో ఆ గోదావరి నీళ్ళనే హల్దీ వాగులోకి వదిలి, మంజీరలో కలిపి నిజాంసాగర్‌కు తెచ్చారు. పూడికతో ఇరవై తొమ్మిది టీఎంసీల పైనుంచి 17.8కి దిగిపోయి, పైన సింగూరు నీళ్ళు హైదరాబాద్ తాగుతుంటే చివరి తూములకు ఎదురుచూసే ఆయకట్టుకు ఆ నీళ్ళు ఎంత విలువో నేను చెప్పక్కర్లేదు. నీళ్ళ గురించి మా దిక్కు అందరం మాట్లాడుకున్నాం. యూనిట్‌కు ఎంత కరెంటు, అప్పుకు ఎంత వడ్డీ అని అడిగినవాళ్ళకు తెలంగాణ వ్యతిరేకి అన్న పేరు తేలికగా అంటుకునేది. అఘోరనాథ్‌ను ఇప్పుడు రాజ్యం దాటించాల్సిన పని లేదు, ఆ ఒక్క మాట చాలు.

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి, డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం డిసెంబరు 20న శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం అప్పు ఆరు లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల యాభై ఏడు కోట్లు అన్నది. నాలుగు రోజుల్లో పాత పాలకపక్షం ఆ లెక్క తప్పంటూ ‘స్వేదపత్రం’ విడుదల చేసింది. శ్వేతానికి స్వేదం, ప్రాస బాగానే కుదిరింది. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక ఆదివారమంతా కూర్చున్నాను. గ్యారంటీ అప్పును ఎవరి ఖాతాలో రాయాలన్నది పెద్ద పేచీల్లో ఒకటి. చాందా రైలు మీద ముల్లా అబ్దుల్ ఖయ్యూం, అఘోరనాథ్ తేల్చమన్నదీ దాదాపు అదే.