బాగ్‌సవారి

తిరుమలలో శ్రీవారి సాలకట్ల బ్రహ్మోత్సవాలు ముగిసిన మరునాడు జరిగే ఉత్సవం బాగ్‌సవారి. తొమ్మిది రోజులు వాహనాల మీద మాడవీధుల్లో ఊరేగిన మలయప్ప స్వామి, ఆ సాయంత్రం ఒక భక్తుడు పెంచిన పూలతోటకు బయలుదేరతారు. అనంతాళ్వాన్ తోట అనీ, పురిశైవారి తోట అనీ దానికి పేర్లు. మామూలు ఊరేగింపులు ఆలయానికి ప్రదక్షిణంగా సాగితే, ఇది అప్రదక్షిణంగా నడుస్తుంది. ఆ ఎదురునడక వెనక ఒక కథ ఉంది.

అనంతాళ్వాన్ 11వ శతాబ్దంలో పుట్టాడు. రామానుజాచార్యుల (1017–1137) శిష్యుడు. శ్రీరంగంలో ఒకనాడు నమ్మాళ్వారు పాశురాలకు వ్యాఖ్యానం చెబుతూ రామానుజులు, తిరుమల కొండ మీద ఉండి స్వామికి పువ్వులు పెంచి మాలలు కట్టేదెవరని అడిగారట. కొండ మీద చలి, అడవి, జనసంచారం లేని చోటు. శిష్యుల్లో లేచి నిలబడినవాడు అనంతాళ్వాన్ ఒక్కడే. భార్యతో కొండకు చేరి, ఆలయం వెనక వైపు తోట వేసి, దానికి గురువు పేరు పెట్టాడు.

తోటకు నీళ్లు కావాలి. చెరువు తవ్వడానికి భార్యాభర్తలే పూనుకున్నారు. ఆయన తవ్వుతుంటే, నిండు గర్భిణి అయిన ఆమె తట్టతో మట్టి మోసేది. ఒక పిల్లవాడు వచ్చి ఆమె తట్ట అందుకున్నాడు. గురువు చెప్పిన కైంకర్యంలో మరొకరికి పాలు ఇవ్వకూడదన్న పట్టుదలతో అనంతాళ్వాన్ గునపం విసిరితే అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. గుడిలోకి వెళ్లి చూస్తే మూలమూర్తి గడ్డం నుంచి రక్తం కారుతోంది. అర్చకులు పచ్చకర్పూరం అద్దారు. నేటికీ శ్రీవారి గడ్డం మీద పచ్చకర్పూరం కనిపిస్తుంది. ఆ గునపమని చెప్పే ఇనుప పనిముట్టును ఆలయ మహాద్వారం దగ్గర గోడకు వేలాడదీశారు. దర్శనానికి వెళ్లేవాళ్లు తల ఎత్తితే చూడవచ్చు.

బాగ్‌సవారికి మూలమైన కథ ఇదే తోటలో జరిగింది. భక్తుణ్ణి పరీక్షించడానికి స్వామి, అమ్మవారు మనుషుల రూపంలో వచ్చి పువ్వులు కోయసాగారు. దేవుడి పువ్వులు దొంగలపాలు కావడం చూసి అనంతాళ్వాన్ వెంటపడ్డాడు. అమ్మవారు చిక్కింది. ఆమెను చెట్టుకు కట్టేశాడు. స్వామి మాత్రం గుడి చుట్టూ అప్రదక్షిణంగా పరుగెత్తి లోపలికి వెళ్లి మాయమయ్యాడు. తాను కట్టేసింది ఎవరినో తెలిశాక, అనంతాళ్వాన్ అమ్మవారిని పూలబుట్టలో కూర్చోబెట్టుకుని మోసుకుపోయి స్వామికి అప్పగించాడు. ఆడపిల్లను తెచ్చి అప్పగించినవాడు కాబట్టి ఆయన స్వామికి మామగారయ్యాడు. ఆ పరుగును తలచుకునే స్వామి ఏటా అప్రదక్షిణంగా తోటకు వేంచేస్తారు. అక్కడ అనంతాళ్వాన్ వంశీకులు స్వామిని పూజించి, నివేదన జరిపి, హారతి ఇస్తారు. అల్లుడు అత్తవారింటికి వచ్చినట్టే ఆ మర్యాద.

ఈ తోటకు స్వామి రాక ఏడాదికి ఒక్కసారితో ఆగదు. ఆండాళ్ తిరునక్షత్రమైన తిరువాడిప్పూరం నాడు కూడా ఉభయ నాంచారులతో ఇక్కడికి వస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు తోటలోని పొగడచెట్టుకు హారతి ఇచ్చి, పూలమాల, శఠారి సమర్పిస్తారు. భక్తుల తలల మీద ఉంచే శఠారి మర్యాద ఒక చెట్టుకు దక్కడం అరుదు. అనంతాళ్వాన్ అవతారోత్సవం నాడు వైష్ణవ పండితులు ఈ తోటలోనే నాలాయిర దివ్యప్రబంధ గోష్ఠి జరుపుతారు.

తోటకు ఇంత గౌరవం ఎందుకో తిరుమల ఆచారాలు చూస్తే తెలుస్తుంది. కొండ మీద పూసే ప్రతి పువ్వూ స్వామిదే. ఆడవాళ్లు తలలో పువ్వు పెట్టుకోరు. గుడిలో మాలలు సిద్ధమయ్యే చోటు యామునోత్తర. యామునాచార్యుల పేరు మీద వెలసింది. స్వామి నుంచి తీసిన పూలను ఎవరూ తొక్కకుండా పూలబావిలో వేసే సంప్రదాయం ఉండేది. ఆలయాల్లో వాడిన పూలతో 2021 సెప్టెంబరు నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం అగరబత్తీలు తయారు చేయిస్తోంది.

అనంతాళ్వాన్ తోట స్వామి సేవకు అంకితమైతే, సొంత తోటను పరుల మేలు కోసం తెరవడం ఇతర దేశాల్లో విరాళాల రూపం తీసుకుంది. ఇంగ్లండ్‌లో ఇళ్లకు వెళ్లి రోగులకు సేవ చేసే నర్సుల సంస్థకు నిధులు కావలసినప్పుడు, ఆ సంస్థ సభ్యురాలు ఎల్సీ వాగ్ ఒక ఆలోచన చెప్పింది. తోటలున్నవాళ్లు ఒక రోజు గేటు తెరవాలి, చూడవచ్చినవాళ్లు తలా ఒక షిల్లింగు ఇవ్వాలి. 1927లో 609 తోటలు తెరుచుకున్నాయి. 8,191 పౌండ్లు వచ్చాయి. నేషనల్ గార్డెన్ స్కీమ్ పేరుతో అది నేటికీ నడుస్తోంది. అమెరికాలోని వర్జీనియాలో ఇలాంటి తోటల వారోత్సవం 1929లో మొదలైంది. అక్కడ చూడవచ్చినవాళ్ల డబ్బు చారిత్రక తోటల పునరుద్ధరణకు చేరుతుంది. తిరుమల తోటలో చెరువు తవ్విన చెమట, పూసిన పువ్వు నేరుగా సమర్పణ అయ్యాయి.

దేవుడే బంధువుల ఇంటికి వెళ్లే ఆచారం రాయలసీమలో మరోచోట ఇంకా విస్తారంగా కనిపిస్తుంది. నల్లమలలోని అహోబిలంలో సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో కొండ దిగి ఊళ్లకు వస్తారు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా గ్రామాలు తిరుగుతారు. ఒక్కో ఊళ్లో పల్లకి దించే అరుగును తెలుపు అంటారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు చెంచులకు అల్లుడు. తన కల్యాణానికి రమ్మని ఊరూరా స్వయంగా పిలవడానికే ఈ ప్రయాణమని అక్కడివాళ్ల నమ్మకం. అందుకే తిరుమలలో తోట సందర్శన బ్రహ్మోత్సవాల తర్వాత వస్తే, అహోబిలంలో పారువేట ముందు జరుగుతుంది. పల్లకి గుడికి చేరాక ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాలు, వాటిలో కల్యాణం జరుగుతాయి.