జన్యువు నుంచి మెదడు దాకా: సికిల్ సెల్ వ్యాధి రోగక్రియపై ఒక పరిశీలన

రోగక్రియాశాస్త్రాన్ని మన వైద్య, నర్సింగ్ విద్యార్థులు సాధారణంగా విడివిడి అధ్యాయాలుగా చదువుతారు. కణానికి కలిగే హాని ఒకచోట, జన్యు వ్యాధులు మరోచోట, నాడీ వ్యాధులు ఎక్కడో చివర. హైపాక్సియా, ఇస్కీమియా, నెక్రోసిస్, ఉత్పరివర్తనం, సమయుగ్మజం లాంటి పదాలకు నిర్వచనాలు కంఠతా వస్తాయి గానీ ఒక స్థితి నుంచి మరొకటి ఎలా పుడుతుందో మరుగున పడిపోతుంది. ఈ అధ్యాయాలన్నీ ఒకే రోగి శరీరంలో కలిసే వ్యాధి సికిల్ సెల్, అంటే కొడవలి కణ వ్యాధి. దీన్ని రక్తహీనతగానో, ఒళ్లునొప్పుల జబ్బుగానో చూడటానికి అలవాటుపడ్డాం. ఆ చూపులో మెదడుకు జరిగే నష్టం లెక్కలోకి రావడం లేదన్నది ఈ వ్యాసం వాదన. రోగక్రియను మొదటి నుంచి వరుసగా పరిశీలిస్తే, ఆ నష్టం ఎప్పుడో ఒకరికి జరిగే ప్రమాదంలా కనిపించదు. వ్యాధి సహజంగా నడిచే దారిలోనే ఉంటుంది.

రోగకారణం దగ్గర అస్పష్టత ఏమీ లేదు. 11వ క్రోమోజోమ్ మీదున్న బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారుతుంది. దానివల్ల ప్రోటీన్ గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరుతుంది. 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ గ్రెనడా నుంచి వచ్చిన ఓ విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను వర్ణించాడు. 1949లో లైనస్ పౌలింగ్ బృందం ఆ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరుగా కదులుతుందని చూపి, దీన్ని అణుస్థాయి వ్యాధి అంది. మారింది ఒక్క అమైనో ఆమ్లమేనని వెర్నన్ ఇంగ్రామ్ తేల్చేసరికి 1950ల రెండో సగం వచ్చింది. కంటికి కనిపించే లక్షణం నుంచి అణువు దాకా వెనక్కి నడిచిన ఈ ప్రయాణం వైద్యచరిత్రలో అరుదైనది. అందుకే బోధనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించదు.

మారిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే ఆ బిడ్డ సమయుగ్మజం, వ్యాధి బయటపడుతుంది. ఒక్కరి నుంచే వస్తే విషమయుగ్మజం. అలాంటివారు వాహకులు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇక్కడ ‘ప్రతి’ అన్న మాటను నొక్కి చెప్పాలి. ఒక బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికీ రాదని కుటుంబాలు నమ్మితే, అది కౌన్సెలింగ్ లోపమే. వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చూపించాడు. మన దేశంలో 1952లో నీలగిరి కొండజాతుల్లో ఈ జన్యువు కనబడింది. తర్వాత మధ్యభారత అడవుల నుంచి ఆదిలాబాద్ గోండు గూడేల వరకూ, విశాఖ మన్యం వరకూ దీని ఉనికి తెలిసింది. ఇవన్నీ మలేరియా పాతుకుపోయిన నేలలే.

రోగ పరిణామం కణం లోపల మొదలవుతుంది. ఆక్సిజన్‌ను వదిలేసిన మారిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగులుగా పేరుకుంటాయి. దీన్ని పాలిమరీకరణ అంటారు. అందుకు కొద్దిపాటి సమయం పడుతుంది. ఈలోగా కణం కేశనాళికను దాటి ఊపిరితిత్తులకు చేరితే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. జ్వరం, నీరు తక్కువ కావడం, చలి, నెత్తురు నెమ్మదించడం – ఏది తోడైనా ఆ వ్యవధి చాలదు. పదేపదే వంగిన కణం పొటాషియంనూ నీటినీ కోల్పోయి, చివరకు ఆక్సిజన్ అందినా నిటారు కాలేని స్థితికి చేరుతుంది. మామూలుగా 120 రోజులు బతకాల్సిన ఎర్రకణం 10 నుంచి 20 రోజుల్లో చితికిపోతుంది. పగిలిన కణాల నుంచి ప్లాస్మాలోకి వచ్చిన హిమోగ్లోబిన్, నాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను లాగేసుకుంటుంది. అంటే రక్తహీనత కేవలం లోటు కాదు, అది నాళాల గోడలను కూడా దెబ్బతీస్తుంది. ఈ వాక్యాన్ని మన పాఠ్యపుస్తకాలు ఇంకొంచెం గట్టిగా చెప్పాలి.

ఇక్కడ హైపాక్సియానూ ఇస్కీమియానూ వేరు చేసి చూడటం తప్పనిసరి. కణజాలానికి ఆక్సిజన్ తగ్గితే అది హైపాక్సియా. రక్తప్రవాహమే తగ్గితే ఇస్కీమియా. అందులో ఆక్సిజన్‌తో పాటు గ్లూకోజూ అందదు, పేరుకున్న వ్యర్థాలూ బయటికి పోవు. అందుకే రెండోది త్వరగా చంపుతుంది. సికిల్ సెల్ రోగి శరీరంలో ఈ రెండూ ఒకేసారి ఉంటాయి. శక్తినిచ్చే ఏటీపీ తగ్గగానే కణపొరలోని సోడియం పంపు మందగిస్తుంది, కణం ఉబ్బుతుంది. ఈ దశలో రక్తం తిరిగి అందితే కణం కోలుకుంటుంది. మైటోకాండ్రియా చెడి, కణపొర చిరిగాక ఇక వెనక్కి రాదు. అలా రక్తం అందక చచ్చిన భాగమే ఇన్‌ఫార్క్ట్. చావు తీరు అవయవాన్ని బట్టి మారుతుంది. ప్లీహంలో చచ్చిన కణజాలం కొంతకాలం తన రూపురేఖలను నిలుపుకుని, తర్వాత మచ్చకట్టి కుంచించుకుపోతుంది. ఆ బిడ్డ న్యుమోకాకస్ బ్యాక్టీరియా ముందు నిరాయుధుడవుతాడు. మెదడులో చచ్చిన భాగం కరిగి ద్రవమై ఖాళీ మిగులుతుంది. చనిపోయిన నాడీకణాల స్థానాన్ని కొత్తవి వచ్చి నింపవు.

మెదడే ఎందుకు ఇంతగా దెబ్బతింటుందన్నది అసలు ప్రశ్న. శరీర బరువులో దాదాపు 2 శాతమే ఉన్నా, విశ్రాంతిలో శరీరం వాడే ఆక్సిజన్‌లో సుమారు ఐదో వంతు దానికే పోతుంది. రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గినప్పుడు, ఆ లోటు పూడ్చడానికి మెదడుకు ప్రవాహం పెరుగుతుంది. సికిల్ సెల్ పిల్లల్లో ఆ ప్రవాహం మామూలుగానే అంచు దాకా పెరిగి ఉంటుంది. జ్వరమో, హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోవడమో జరిగితే ఇక పెంచడానికి వెసులుబాటు ఉండదు. మరోవైపు మెదడు అడుగున ఉన్న పెద్ద ధమనుల లోపలిపొర మందమెక్కి దారి ఇరుకవుతుంది. ఇరుకైన చోట రక్తం వేగం పెరుగుతుంది. ఆ వేగాన్ని కణతల దగ్గర ఉంచిన అల్ట్రాసౌండ్ పరికరంతో కొలవవచ్చు. ఇదే ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్. సగటు వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటిన పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే పక్షవాతం ముప్పు 90 శాతానికి పైగా తగ్గుతుందని 1998లో వెలువడిన అమెరికా పరీక్ష నిరూపించింది. అంతకుముందు అక్కడ ఈ వ్యాధి ఉన్నవారిలో 20 ఏళ్లు నిండేలోపు సుమారు 11 శాతం మందికి పక్షవాతం వచ్చేది.

పక్షవాతం కనబడుతుంది, ఆసుపత్రికి తీసుకొస్తుంది. కనబడనిది నిశ్శబ్ద ఇన్‌ఫార్క్ట్. చేయి పడిపోదు, మాట తడబడదు. ఎంఆర్‌ఐలో మాత్రం, ముఖ్యంగా ముందరి భాగపు తెల్లపదార్థంలో, రెండు ధమనుల సరఫరా కలిసే అంచుల్లో చిన్న మచ్చలు తేలతాయి. విదేశీ అధ్యయనాల్లో ఇవి మూడింట ఒక వంతు పిల్లల్లో కనిపించాయి. వాటి ఫలితం ఏకాగ్రత తగ్గడం, పని ఒక వరుసలో చేయలేకపోవడం, చదువులో వెనకబడటం. ఆశ్రమ పాఠశాలలో ఇలాంటి బిడ్డను మందమతి అనో, సోమరి అనో తీసిపారేసే అవకాశం ఎక్కువ. ఆ బిడ్డ మార్కుల పట్టికను నాడీ వ్యాధి లక్షణంగా చదవగలిగిన ఉపాధ్యాయుడు, ఆ మాట విని నమ్మే వైద్యుడు – ఇద్దరూ మనకు కావాలి.

భారతీయ గిరిజనుల్లో కనిపించే జన్యురకంతో పాటు గర్భస్థ హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువగా ఉంటుందని, అది పోగులు కట్టడాన్ని అడ్డుకుంటుందని తెలుసు. దీన్ని పట్టుకుని మన దగ్గర వ్యాధి తేలికపాటిదేనన్న అభిప్రాయం స్థిరపడింది. నాగ్‌పూర్ ప్రాంతపు వైద్యులు నమోదు చేసిన తీవ్రమైన కేసులు ఈ అభిప్రాయాన్ని నిలవనివ్వవు. పైగా తీవ్రతను నొప్పుల సంఖ్యతో కొలిచినంతకాలం మెదడు సంగతి ఎటూ తేలదు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్, 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పించింది. రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. ఈ పరీక్ష జన్యుస్థితిని చెబుతుంది, అంతవరకు మంచిదే. వ్యాధి తేలిన పిల్లలకు 2 నుంచి 16 ఏళ్ల మధ్య ఏటా డాప్లర్ పరీక్ష చేయాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. పరికరం చేతితో మోసుకుపోగలిగేదే, కొరత శిక్షణ పొందిన చేతులకు. నెలనెలా రక్తం ఎక్కించడం మన్యంలో కష్టమన్న అభ్యంతరంలో నిజముంది. కానీ గర్భస్థ హిమోగ్లోబిన్‌ను పెంచే హైడ్రాక్సీయూరియా ఉంది. ఏడాది పాటు రక్తం ఎక్కించుకుని, ధమనులు తీవ్రంగా ఇరుకు కాని పిల్లల్లో ఆ తర్వాత ఇది రక్తమార్పిడికి తీసిపోదని 2016లో తేలింది. క్రమం తప్పకుండా రక్తం ఎక్కించడం సాధ్యపడని ఉత్తర నైజీరియాలో డాప్లర్ పరీక్షనూ ఈ మందునూ జతచేసి పక్షవాతాన్ని నివారించే పద్ధతిని ఇప్పటికే నడిపి చూపారు. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఏరియా ఆసుపత్రుల్లో దాన్ని మొదలుపెట్టడానికి కొత్త విజ్ఞానం అక్కర్లేదు. సోనోగ్రాఫర్లకు శిక్షణ, క్రమం తప్పని మందు సరఫరా, రక్తకణాల సంఖ్యను ఎప్పటికప్పుడు చూసే చిన్న ప్రయోగశాల ఉంటే చాలు.