లైప్‌జిగ్ గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా

జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి చెందిన సింఫనీ వాద్యబృందం ఇది. 1743లో మొదలైంది. ఐరోపాలో ఇంతకన్నా పాతవి ఉన్నాయి కానీ, అవి ఎక్కువగా రాజుల కొలువుల్లో పుట్టాయి. పొరుగున ఉన్న డ్రెస్డెన్ బృందం సాక్సనీ ప్రభువుల ఆస్థానానిది. లైప్‌జిగ్‌లో ఆస్థానం లేదు. సంతలు, అచ్చుకూటాలు, విశ్వవిద్యాలయం ఉన్న వర్తక పట్టణమది. ఊళ్లోని పదహారుమంది పెద్దలు చందాలు వేసుకుని పదహారుమంది వాద్యకారులను కుదుర్చుకున్నారు. కచేరీలు మొదట ఇళ్లలో, మరుసటి ఏటి నుంచి ‘మూడు హంసలు’ అనే సత్రంలో జరిగాయి. అప్పటికి యొహాన్ సెబాస్టియన్ బాఖ్ అదే ఊళ్లో, సెయింట్ థామస్ చర్చిలో సంగీత బాధ్యతలు చూస్తున్నారు.

1781లో ‘గెవాండ్‌హౌస్’ అనే బట్టల వర్తకుల భవనం పై అంతస్తును కచేరీ మందిరంగా మార్చారు. బృందానికి ఆ భవనం పేరే స్థిరపడింది. అయిదు వందల మందికి మించి పట్టని ఆ హాలుకు లోపలంతా చెక్క తాపడం. శ్రోతలు వేదిక వైపు కాకుండా, రెండు గోడల పొడవునా ఎదురెదురుగా కూర్చునేవారు. నాదం అక్కడ పలికినంత బాగా మరెక్కడా పలకదని పేరు. బెథోవెన్ అయిదో పియానో కన్చెర్టోను 1811లో మొట్టమొదట విన్నది ఈ హాలే. ఆయన బతికుండగానే, 1825–26 సీజన్‌లో, తొమ్మిది సింఫనీలనూ ఇక్కడ వరసగా వాయించారు.

1835లో ఫెలిక్స్ మెండెల్సన్ బృంద సారథి అయ్యారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. అంతవరకూ సింఫనీలను మొదటి వయొలిన్ కళాకారుడే తన కుర్చీలోంచి నడిపించేవాడు. మెండెల్సన్ బ్యాటన్ పట్టుకుని ఎదుట నిలబడ్డారు. వాద్యకారుల జీతాలు పెంచాలని నగర పెద్దలతో పోరాడారు. గతకాలపు స్వరకర్తలను వరసక్రమంలో వినిపించే ‘చారిత్రక కచేరీలు’ నడిపారు. వియన్నాలో షూబర్ట్ అన్నగారి ఇంట్లో మరుగున పడి ఉన్న సి మేజర్ సింఫనీ రాతప్రతి రాబర్ట్ షూమన్ కంటపడి లైప్‌జిగ్ చేరితే, 1839 మార్చి 21న దానికి తొలిసారి ప్రాణం పోసింది మెండెల్సనే. షూబర్ట్ చనిపోయి అప్పటికి పదేళ్లు దాటింది. ఈ బృందం ఇంకేమీ చేయకపోయినా ఆ ఒక్క సాయంత్రానికే సంగీతలోకం దీనికి రుణపడి ఉండేది. మెండెల్సన్ సొంత వయొలిన్ కన్చెర్టోను 1845లో బృంద నాయకుడు ఫెర్డినాండ్ డేవిడ్ ఇక్కడే వాయించారు. బ్రామ్స్ వయొలిన్ కన్చెర్టో 1879 జనవరి 1న ఇక్కడే పుట్టింది.

శ్రోతలు పెరగడంతో 1884లో రెండో భవనం కట్టారు. 1895 నుంచి 1922 వరకు సారథ్యం వహించిన ఆర్థర్ నికిష్ కాలంలో మరో ఆనవాయితీ మొదలైంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన 1918 డిసెంబర్ 31 రాత్రి, కార్మికుల కోసం బెథోవెన్ తొమ్మిదో సింఫనీని మొదలుపెట్టి, కొత్త సంవత్సరం అడుగుపెట్టే వేళకు ముగించారు. ఏడాది చివర తొమ్మిదో సింఫనీ వాయించడం నేటికీ కొనసాగుతోంది.

నాజీల పాలన ఈ చరిత్రలో చెరగని మచ్చ. యూదుడైన సారథి బ్రూనో వాల్టర్‌ను 1933లో వెళ్లగొట్టారు. యూదు కుటుంబంలో పుట్టారన్న కారణంతో మెండెల్సన్ విగ్రహాన్ని 1936లో, మేయర్ కార్ల్ గోర్డలర్ ఊళ్లో లేనప్పుడు పీకేశారు. దాన్ని తిరిగి నిలబెట్టాలని పట్టుబట్టి, మాట చెల్లక గోర్డలర్ పదవి వదిలేశారు. హిట్లర్‌పై కుట్రలో పాలుపంచుకున్నందుకు 1945లో ఆయనకు మరణశిక్ష అమలు చేశారు. యుద్ధంలో బాంబులకు కచేరీ భవనమూ ధ్వంసమైంది. విగ్రహం ప్రతిరూపాన్ని 2008లో గాని నిలపలేదు.

1970లో సారథి అయిన కుర్ట్ మజూర్ పట్టుదలతో తూర్పు జర్మనీ ప్రభుత్వం మూడో భవనం కట్టించింది. అది 1981లో తెరుచుకుంది. 1989 అక్టోబర్ 9న సుమారు 70 వేల మంది ఆ ప్రభుత్వానికి నిరసనగా ఆ భవనం ముందున్న వీధుల్లోకి వచ్చారు. సాయుధ బలగాలు సిద్ధంగా ఉన్నాయి. ఇరుపక్షాలూ సంయమనం పాటించాలంటూ మరో అయిదుగురితో కలిసి మజూర్ రూపొందించిన విజ్ఞప్తి, ఆయన గొంతులోనే నగరమంతటా లౌడ్‌స్పీకర్లలో వినిపించింది. ఆ రాత్రి కాల్పులు జరగలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది.

తరవాత హెర్బర్ట్ బ్లూమ్‌స్టెట్, రికార్డో షైయీ సారథులయ్యారు. 2018 నుంచి లాత్వియాకు చెందిన ఆండ్రిస్ నెల్సన్స్ ఆ స్థానంలో ఉన్నారు. కచేరీ మందిరంతో పాటు నగర ఒపెరాలోనూ, సెయింట్ థామస్ చర్చిలో బాఖ్ కాంటాటాలకూ వాయించేది ఈ బృందమే. అందుకే ఇందులో 180 మందికి పైగా వాద్యకారులున్నారు.