డ్రాప్ షాట్: ఎప్పుడు వేయాలి, ఎక్కడ వేయాలి

కోనసీమలో డ్రాప్ అనగానే ముందు షటిల్ గుర్తొస్తుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టాక ఆ ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. అంతకుముందు నుంచే గోదావరి జిల్లాల పిల్లలు చాలామంది షటిల్ బ్యాట్‌తోనే ఆట మొదలుపెడుతున్నారు. తర్వాత టెన్నిస్‌కి వచ్చినప్పుడు అదే డ్రాప్‌ని అలాగే వేసి పాయింట్లు పోగొట్టుకుంటారు.

తేడా చిన్నదే. షటిల్ నేలను తాకితే పాయింటు అయిపోయినట్టే. టెన్నిస్ బంతి ఒకసారి లేచాక కూడా అవతలివాళ్లు కొట్టొచ్చు. అంటే మొదటి బౌన్స్ ఎంత దగ్గర పడిందన్నది కాదు, రెండో బౌన్స్ ఎక్కడన్నది లెక్క. నెట్ నుంచి సర్వీస్ లైన్ 6.40 మీటర్లు. ఆ లైన్ లోపలే బంతి రెండుసార్లు పడితే మంచి డ్రాప్. దాటితే అవతలివాళ్లకి పెట్టిన విందు. అందుకే బంతి కిందుగా కోసి వెనక్కి తిరిగే స్పిన్ ఇస్తారు. నెట్ పట్టీని రాసుకుంటూ పోవాలన్న పట్టుదల అక్కర్లేదు. దానివల్లే సగం డ్రాప్‌లు నెట్‌లో పడతాయి.

ఎప్పుడు వేయాలన్నది రెండు జతల పాదాలు చెబుతాయి. తన పాదాలు బేస్‌లైన్ లోపల, అవతలివాళ్ల పాదాలు బేస్‌లైన్ వెనక ఉండాలి. బేస్‌లైన్ నుంచి నెట్‌కి దాదాపు 12 మీటర్లు. అవతలి మనిషి ఇంకో మీటరు వెనక ఉంటే, నెట్‌కి నాలుగు మీటర్ల దగ్గర చచ్చిపోయే బంతి కోసం సుమారు 9 మీటర్లు పరిగెత్తాలి. అదే డ్రాప్‌ని తన బేస్‌లైన్ వెనక నుంచి వేస్తే బంతే 12 మీటర్లకు పైగా మెల్లగా తేలుతూ పోవాలి. ఆలోగా అవతలివాళ్లు నడుచుకుంటూ వచ్చినా అందుకుంటారు.

పిల్లలు మాత్రం సరిగ్గా అక్కడినుంచే వేస్తారు. ర్యాలీ పొడుగైపోయి ఊపిరి ఆడక, ఎలాగోలా అయిపోతే చాలనిపించి వేసేస్తారు. ఆ డ్రాప్‌కి కారణం అలసట, ఆట కాదు. 30-40 దగ్గర భయంతో వేసేదీ అంతే. కొత్తగా నేర్చుకునేవాళ్లు 40-0, 40-15 దగ్గర వేసి చూడటం మేలు.

ఎక్కడ వేయాలన్నదానికి నెట్ కొలతే సగం జవాబు. నెట్ మధ్యలో 91.4 సెంటీమీటర్లు, స్తంభాల దగ్గర 107. అడ్డంగా క్రాస్‌లో వేస్తే తక్కువ ఎత్తు దాటాలి, పడటానికి చోటూ ఎక్కువ. తిన్నగా లైన్ వెంట వేస్తే ఎత్తు ఎక్కువ, కానీ బంతి త్వరగా చేరుతుంది. మిగతా సగం అవతలి మనిషి ఉన్న చోటు. లోతైన బంతితో ఒక మూలకి తోసి, ఎదుటివైపు ముందు మూలలో వేస్తే పై 9 మీటర్లు దాదాపు 11 అవుతాయి. మూలకి తోసే ఆ బంతి లేకుండా డ్రాప్ ఒక్కటే పనిచేయదు. స్పెయిన్ ఆటగాడు అల్కరాజ్ డ్రాప్‌లు అంతగా తగలడానికి అతని ఫోర్‌హ్యాండ్ భయమే కారణం. జనం ముందే వెనక్కి జరిగి నిలబడతారు.

ఒడ్డూ పొడుగూ లేని ఆడపిల్లలకు ఈ షాట్ మరీ ముఖ్యం. ట్యునీషియా ఆటగత్తె ఒన్స్ జాబెర్ ఎత్తు 1.67 మీటర్లే. డ్రాప్‌లు, స్లైస్‌లతోనే 2022 జూన్‌లో ప్రపంచ రెండో ర్యాంకుకు చేరి, ఆ వెంటనే వింబుల్డన్ ఫైనల్ ఆడింది. గ్రాండ్ స్లామ్ సింగిల్స్ ఫైనల్ చేరిన తొలి అరబ్ మహిళ ఆమే. ఆ ఫైనల్ జులై 9న, ట్యునీషియాలో బక్రీద్ రోజున జరిగింది. 1.84 మీటర్ల రిబాకినా మీద మొదటి సెట్ 6-3తో గెలిచి, తర్వాత 2-6, 2-6తో ఓడింది. డ్రాప్ చేతిలో ఉన్నంత మాత్రాన మ్యాచ్ రాదు.

డెల్టాలో గాలిని కూడా లెక్కలో పెట్టాలి. కాకినాడ వైపు అసర్ తర్వాత మొదలై మగ్రిబ్ అజాన్ దాకా సాగే ఆటల్లో సముద్రపు గాలి ఉంటుంది. గాలి ఎదురుగా వస్తుంటే బంతిని ఆపుతుంది, డ్రాప్ బాగా పడుతుంది. వీపు వైపు నుంచి వస్తే బంతి తేలి లోపలికి పోతుంది. 1, 3, 5 గేమ్‌ల తర్వాత వైపులు మారతాయి కాబట్టి ఇప్పుడే బాగా పడిన డ్రాప్ కాసేపటికే చెడిపోవచ్చు. వానాకాలంలో తడి పీల్చిన బంతి బరువెక్కి తక్కువ లేస్తుంది, అది డ్రాప్‌కి అనుకూలం. రోహిణి కార్తె ఎండలో బంతి ఎగిరెగిరి పడుతుంది, అప్పుడు తగ్గించుకోవాలి.

వేశాక అక్కడే నిలబడి చూడటం ఇంకో తప్పు. రెండు అడుగులు ముందుకి రావాలి. పరిగెత్తుకొచ్చిన మనిషికి ఎక్కువగా మిగిలేది తిరిగి చిన్న బంతి వేయడం, లేదా తలమీదుగా లాబ్ ఎత్తడం.

డబుల్స్‌లో దీని అవసరం తక్కువ. సానియా మీర్జా ఆరు గ్రాండ్ స్లామ్‌లూ డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్‌లోనే వచ్చాయి. ఆ ఆటలో సాధారణంగా ఒకరు నెట్ దగ్గరే కాచుకుని ఉంటారు. ఇద్దరూ వెనక ఉన్నప్పుడు మాత్రం వేయొచ్చు.

సాధన చేయడానికి కోచ్ లేకపోయినా ఫరవాలేదు. అన్నో, అక్కో, అబ్బాజానో అవతల నిలబడి బంతులు చేత్తో విసిరితే చాలు. రెండో బౌన్స్ సర్వీస్ లైన్ దాటినవి వదిలేసి, లోపల పడ్డవే లెక్కపెట్టాలి.