పెద్దలకు పెట్టే ముద్ద ఎక్కడ పుట్టింది

మహాశివరాత్రి మర్నాడు, మాఘ బహుళ అమావాస్య నాడు, వేలూరు నుంచి కే.వి.కుప్పం మీదుగా గుడియాత్తం దాకా ఊళ్ళన్నీ శ్మశానాల వైపు నడుస్తాయి. తమిళులు దీన్ని మయాన కొల్లై అంటారు. ఇక్కడి తెలుగు ఇళ్ళలోనూ ఆ పేరే నడుస్తోంది. అంగాళమ్మను తేరు మీద ఎక్కించి, పంబ, ఉడుక్కై మోగిస్తూ పాలారు ఒడ్డుకు తీసుకెళ్తారు. కాళి వేషం, శివుడి వేషం కట్టినవాళ్ళు ముందు నడుస్తారు. శ్మశానంలో మట్టితో పెద్ద అమ్మవారి రూపం పోసి, ఉడికించిన గుగ్గిళ్ళు, అన్నం, కూరగాయలు, ధాన్యం, చిల్లర డబ్బులు చల్లుతారు. జనం వాటి కోసం ఎగబడతారు. ఎగబడి అందుకున్న గింజను ఇంటికి తెచ్చుకుంటే మంచిదని నమ్మకం. ఫోటోలన్నీ ఈ సందడివే. కానీ అదే వేళకు అదే శ్మశానంలో, పెద్దగా చప్పుడు లేకుండా, ఇంకో పని జరుగుతుంటుంది. కుటుంబాలు తమవాళ్ళ సమాధులు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, పోయినవాళ్ళకు బతికుండగా ఏది ఇష్టమో అది ఆకులో పెట్టి దండం పెట్టుకుంటాయి. నా దృష్టిలో ఈ పండుగ పుట్టుక తెలియాలంటే తేరు వెనక నడిస్తే చాలదు, ఆ ఆకు దగ్గర ఆగాలి.

గుడిలో చెప్పే కథ వేరు. శివుడు బ్రహ్మ ఐదో తల తుంచాడు. ఆ కపాలం ఆయన చేతికి అంటుకుపోయింది, భిక్షగా ఏది వేసినా అదే మింగేసింది. ఆయన ఆకలితో తిరిగాడు. చివరికి ఇప్పటి విళుపురం జిల్లాలోని మేల్‌మలయనూరులో పార్వతి వంట చేసి, రెండు ముద్దలు కపాలంలో వేసి, మూడో ముద్ద శ్మశానం నేల మీద చల్లింది. రుచి మరిగిన కపాలం చెయ్యి వదిలి నేలకు దిగింది. అమ్మవారు భీకర రూపంలో దాన్ని తొక్కిపెట్టింది. మేల్‌మలయనూరు అంగాళ పరమేశ్వరి క్షేత్ర మాహాత్మ్యం ఇదే, వేలూరు చుట్టుపక్కల పండుగకు మూలమని చెప్పేదీ ఇదే. ఈ కథను నేను తక్కువ చేయను. అయితే ఒక సంగతి గమనించాలి. శ్మశానంలో అన్నం ఎందుకు చల్లుతారన్న ప్రశ్నకు ఇది జవాబు. ఎవరూ అన్నం చల్లని చోట ఆ ప్రశ్న పుట్టదు, ఈ కథా పుట్టదు. జనం అప్పటికే చేస్తున్న పనికి పురాణం ఒక కారణం వెతికి ఇచ్చింది.

మహాలయ పక్షం సంగతీ ఇంతే. భాద్రపద బహుళ పక్షంలో పితృదేవతలకు తర్పణాలు ఎందుకు వదలాలి అంటే, లోకంలో కర్ణుడి కథ చెబుతారు. బతికినంత కాలం బంగారం దానం చేసిన కర్ణుడికి పైలోకంలో తినడానికి బంగారమే పెట్టారట. పెద్దలకు ఒక్కనాడూ అన్నం పెట్టలేదు గనుక అన్నం దొరకలేదట. పదిహేను రోజులు భూమికి తిరిగి వచ్చి ఆ లోటు తీర్చుకున్నాడట. ఇందులో దేవుడు వేరు, ఊరు వేరు, మాసం వేరు. అయినా కథ మధ్యలో ఉన్నది మళ్ళీ అన్నమే. చనిపోయినవాళ్ళ పండుగ ఎక్కడ పుట్టిందని అడిగితే మనం పుస్తకంలో కథ వెతుకుతాం. వెతకాల్సింది కథను కాదు, చేసే పనిని, ఆ పని జరిగే చోటును. కథలు రాజ్యాలతో, మతాలతో మారుతూ వచ్చాయి. పోయినవాళ్ళ దగ్గరికి వెళ్ళి ముద్ద పెట్టడం మాత్రం మారలేదు.

దీనికి సాక్ష్యం ఈ నేలలోనే ఉంది. పలమనేరు దగ్గర ఇరలబండలో, కృష్ణగిరి దగ్గర మల్లచంద్రంలో ఇనుప యుగం నాటి రాతి సమాధులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఊళ్ళవాళ్ళు ఇలాంటివాటిని పాండవ గుళ్ళనీ, రాకాసి గుళ్ళనీ అంటారు. దక్షిణాన ఇలాంటి సమాధుల్లో ఎముకల పక్కన మట్టి గిన్నెలు, కుండలు, ఇనుప పనిముట్లు దొరికాయి. తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ 1899 నుంచి కొన్నేళ్ళు తవ్వించినప్పుడు పాత్రల్లో వరి పొట్టు, చిరుధాన్యాల పొట్టు కూడా బయటపడ్డాయి. పోయినవాడికి తిండి కావాలన్న ఆలోచన అక్కడ అక్షరం అవసరం లేకుండానే కనిపిస్తోంది. అక్షరం వచ్చాక ప్రాచీన తమిళ వ్యాకరణ గ్రంథం తొల్కాప్పియం వీరుడి కోసం రాయి నాటడంలో ఆరు అంగాలు చెప్పింది. తగిన రాయిని చూడడం, దాన్ని తెచ్చేందుకు పూనుకోవడం, నీళ్ళతో శుద్ధి చేయడం, నాటడం, దానికి ఘనంగా నైవేద్యం పెట్టడం, చివరికి పొగడడం. అన్నం పెట్టడం ఒక అంగమే అయిపోయింది. తగడూరు, అంటే నేటి ధర్మపురి, ఏలిన అదియమాన్ చనిపోయినప్పుడు కవయిత్రి అవ్వైయార్ పాడిన పాట తమిళ కవితా సంకలనం పురనానూరులో ఉంది. అతని రాయికి నెమలి ఈకలు చుట్టి చిన్న గిన్నెలో కల్లు పోస్తుంటే, దేశాలు ఇస్తామన్నా తీసుకోని మనిషి ఇది తీసుకుంటాడా అని ఆమె దుఃఖం. రెండువేల ఏళ్ళ కిందటి ఆ గిన్నెను చదివినప్పుడు, సమాధి మీద ఇవాళ పెట్టే గ్లాసు కొత్తగా అనిపించదు.

పాలారు లోయ ఇలాంటి వీరుల రాళ్ళకు, అంటే వీరగల్లులకు, పేరుపడ్డ సీమ. ఆంబూరులో పల్లవ నృపతుంగుడి కాలపు రాళ్ళున్నాయి. గుడియాత్తం ప్రాంతంలోని కీళ్ ముట్టుగూరులో పశువుల మందను శత్రువుల నుంచి విడిపించి ప్రాణం విడిచినవాడి రాయి ఉంది. వీళ్ళు రాజులు కారు. ఊరి మందను కాపాడబోయి పోయిన ఊరి మనుషులు. ఎన్నో ఊళ్ళలో అలాంటి రాయికి ఇప్పటికీ పసుపు పూస్తారు, పొంగలి పెడతారు. ఆ మనిషి పేరు మరిచిపోయి వీరుడనో, వేడియప్ప అనో మొక్కుతారు. పేరు పోయినా పెట్టడం ఆగలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ఇనుప యుగపు సమాధికీ ఇవాళ్టి మయాన కొల్లైకీ మధ్య వేల ఏళ్ళ దూరం ఉంది, ఈ రెంటినీ ఒకే దారంతో కుట్టడం ఊహ కాదా అని. ఒకే వంశం వాళ్ళు ఒకే మంత్రంతో తెగకుండా చేసుకొచ్చారని నేనూ అనడం లేదు. నేను అనేది ఇంతే: కొత్త దేవుడో కొత్త కథో వచ్చినప్పుడు పాత పనిని ఆపించలేక, దాన్ని తనలో కలుపుకుంటుంది. ఊహ అనిపిస్తే, ఇలా జరగడాన్ని కళ్ళారా చూసి రాసిపెట్టిన దేశం ఒకటుంది. అది మెక్సికో. స్పెయిన్‌వాళ్ళు రాకముందు అక్కడి నహువా ప్రజలు పంచాంగంలో వరసగా రెండు నెలలు చనిపోయినవాళ్ళకు కేటాయించారు, ఒకటి చిన్నవాళ్ళకు, ఇంకొకటి పెద్దవాళ్ళకు. కథోలిక చర్చి వచ్చాక నవంబరు 1న సకల పునీతుల పండుగ, 2న సకల ఆత్మల పండుగ వచ్చాయి. ఈ రెండో తేదీ క్లూనీ మఠాధిపతి ఓడిలో సుమారు వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్స్‌లో స్థిరపరచినది. 16వ శతాబ్దంలో డియేగో దురాన్ అనే మతగురువు మెక్సికోలో ఉండి అనుమానంతో ఒక సంగతి రాశాడు. జనం చర్చి పండుగ పేరు చెబుతూనే మొదటి రోజు పిల్లల కోసం, రెండో రోజు పెద్దల కోసం అర్పణలు పెడుతున్నారని, పాత పండుగనే కొత్త తేదీకి మార్చుకున్నారని. వేసవిలో జరిగే పాత పండుగ నవంబరుకు వెళ్ళింది, పిల్లలు ముందు పెద్దలు తర్వాత అన్న వరస మాత్రం అలాగే నిలిచింది. నేటికీ మెక్సికోలో 1వ తేదీ పిల్లలది, 2వ తేదీ పెద్దలది.

అలాగని మెక్సికో పండుగ అంతా ప్రాచీనమే అనుకోవడమూ పొరపాటు. ఇంట్లో పటం ముందు పెట్టే తీపి రొట్టెకు గోధుమ స్పెయిన్ నుంచి వచ్చింది. చక్కెర పుర్రెలకు చెరకూ వాళ్ళతోనే వచ్చింది. టోపీ పెట్టుకున్న ఆడ అస్థిపంజరం ‘కత్రీనా’ను హోసే గ్వాదలూపే పొసాదా చెక్కింది 20వ శతాబ్దం మొదట్లో. కాలం గడిచేకొద్దీ పొరలు చేరాయి. కానీ ఇంట్లో పీట వేసి, పోయినవాళ్ళకు ఇష్టమైన వంట, నీళ్ళు, ఉప్పు పెట్టి, సమాధి దగ్గర దీపాలతో రాత్రంతా కూర్చోవడం అన్ని పొరల కింద ఉంది. ఇంకొక వస్తువు ఉంది, అది మనకు బాగా తెలిసినదే. పోయినవాళ్ళకు దారి చూపిస్తుందని మెక్సికోవాళ్ళు వాకిలి నుంచి పరిచే పువ్వు మన బంతి. ఆ మొక్క పుట్టిల్లు మెక్సికోయే. 16వ శతాబ్దంలోనో ఆ తర్వాతో ఐరోపా ఓడల్లో మన దేశానికి వచ్చి, ఇవాళ కుప్పం, హోసూరు తోటల్లో పండి వేలూరు మార్కెట్టుకు చేరుతోంది. మయాన కొల్లై నాడు సమాధి మీద వేసే దండలో అది తప్పకుండా ఉంటుంది. వచ్చి కొన్ని వందల ఏళ్ళే అయినా, అది లేని పాడెను గానీ పెళ్ళి పందిరిని గానీ మనం ఊహించలేం. సంప్రదాయం కొత్త వస్తువును ఎంత సులువుగా తనది చేసుకుంటుందో బంతిని చూస్తే తెలుస్తుంది.

రెండో అభ్యంతరం శాస్త్రం తెలిసినవాళ్ళది. పితరులను పిలిచే సూక్తం ఋగ్వేదం పదో మండలంలోనే ఉంది, శ్రాద్ధమే మొదటిది, ఊరి పండుగలు దాని నకళ్ళు అని. ఋగ్వేదం పాతదే, అందులో సందేహం లేదు. కానీ రెండూ ఒకే తీరువి కావు. శ్రాద్ధం తిథిని బట్టి, గోత్రాన్ని బట్టి, తండ్రి తాత ముత్తాతల వరసలో, పురోహితుడి మంత్రంతో నడుస్తుంది. దహనం చేసేవాళ్ళకు సమాధి ఉండదు, కాబట్టి పిండం ఏటి ఒడ్డున పెడతారు. పాలారు లోయలో పూడ్చే కులాలు చాలా ఉన్నాయి. వాళ్ళ పండుగకు పురోహితుడు అక్కర్లేదు, తాతల వరస అక్కర్లేదు, పెళ్ళికాని పిల్లా పసిబిడ్డా కూడా తమ వంతు అందుకుంటారు. ఊరంతా ఒకే రోజు కదులుతుంది. సంక్రాంతిని పెద్దల పండుగ అంటూ, కొత్త బియ్యం వండి, కొత్త బట్టలు పెద్దల పేరున పెట్టి తరువాత కట్టుకునే తెలుగు ఇళ్ళ ఆచారానికీ, తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ రోజునే వచ్చే పెత్తర అమావాస్యకూ మయాన కొల్లైతో పోలిక ఇక్కడే. పంట చేతికొచ్చే వేళ తొలి ముద్ద పోయినవాళ్ళకు పెట్టడం వీటన్నిటి వెనకా ఉంది. మెక్సికోలోనూ ఆ రోజులు మొక్కజొన్న పంట ఇంటికి చేరే రోజులే.

ఇదంతా ప్రేమ కాదు, భయం, దయ్యాలు పీడించకుండా పెట్టే లంచం అనేవాళ్ళూ ఉన్నారు. మయాన కొల్లైలో భయం ఉంది, అది లేదనలేం. గాలి సోకిందని మనుషులను ఆ రోజు తీసుకొస్తారు. కానీ భయపడి పెట్టేవాడు ఏదో ఒకటి విసిరి వెనక్కి తిరిగి చూడకుండా వెళ్తాడు. ఫలానా ఆయనకు నాటుకోడి పులుసు, ఫలానా ఆవిడకు అరిసె అని గుర్తుపెట్టుకుని వండడం, సమాధి కడిగి పక్కనే కూర్చోవడం భయస్తుల పని కాదు. కరీంనగర్ కార్ఖానగడ్డ శ్మశానం దీనికి మంచి ఉదాహరణ. అక్కడ దళిత కుటుంబాలు కొన్ని దశాబ్దాలుగా దీపావళి సాయంత్రం సమాధులకు రంగులు వేసి, పూలు పెట్టి, దీపాలు వెలిగించి, ఇష్టమైన వంటలు పెట్టి, పిల్లలతో సహా అక్కడే పండుగ చేసుకుంటాయి. వాళ్ళు మెక్సికోను చూసి నేర్చుకోలేదు, మెక్సికో వీళ్ళను చూసి నేర్చుకోలేదు.

మతం మారినా ఈ పని ఆగలేదనడానికి వేలూరు చుట్టుపక్కలే చాలు. నవంబరు 2న కథోలికులు సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు పెడతారు. ఈస్టరు తెల్లవారుజామున తెలుగు క్రైస్తవులు దీపాలతో సమాధుల తోటకు వెళ్తారు. షబే బరాత్ రాత్రి ఆంబూరు, పేర్ణాంబట్టు, మేల్‌విషారం ముస్లింలు ఖబరస్తాన్‌లో తమవాళ్ళ కోసం ప్రార్థిస్తారు, ఇంట్లో వండినది పదిమందికి పంచుతారు. సిద్ధాంతాలు ఒకదానికొకటి పొసగవు. నడిచే దారి మాత్రం అందరిదీ ఊరి బయటకే.

మెక్సికో పండుగను యునెస్కో 2008లో మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. 2015లో వచ్చిన ఒక జేమ్స్ బాండ్ సినిమాలో కల్పించిన ఊరేగింపును చూసి, మరుసటి ఏడాది నుంచి మెక్సికో నగరం నిజంగానే అలాంటి ఊరేగింపు మొదలుపెట్టింది. వేషం పెద్దదై ముద్ద చిన్నదయ్యే ప్రమాదం అక్కడ ఉంది, ఇక్కడా ఉంది. కాళి వేషాలకు ఏటా కెమెరాలు పెరుగుతున్నాయి. శ్మశానాలను పట్టించుకునేవాళ్ళు పెరగడం లేదు. 2019 ఆగస్టులో, అప్పటికి వేలూరు జిల్లాలోనే ఉన్న వాణియంబాడి దగ్గర నారాయణపురంలో, శ్మశానానికి పొలాల మీదుగా పోయే దారి మూసేయడంతో దళితులు తమ మనిషి శవాన్ని పాలారు వంతెన మీద నుంచి తాళ్ళతో కిందికి దించాల్సి వచ్చింది. ఆ దృశ్యం బయటికి వచ్చాక మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఈ పండుగ ప్రాణం చోటులో ఉందని నమ్మినవాళ్ళు అడగాల్సింది ముందు ఆ చోటు గురించే. వచ్చే శివరాత్రికి తేరు ఎంత ఎత్తు కట్టాలో తేల్చుకునే ముందు, మన ఊళ్ళో ప్రతి కులానికీ శ్మశానం దాకా అడ్డులేని దారి, అక్కడ నీటి కుళాయి, ఆక్రమణ కాకుండా సరిహద్దు రాళ్ళు ఉన్నాయో లేదో గ్రామసభలో అడగండి. లేకపోతే తీర్మానం రాయించండి.